నవ్వినవాని వంతు

ఉదయము ఎనిమిది గంటల వేళ మంసాపురమునుండి రాజపాళయము పోవు బస్సులో బడిపిల్లలు క్రిక్కిరిసి యుందురు. పడమటి కొండల చేరువనున్న ఆ ఊరిలో ఇంట తెలుగు, బయట తమిళము మాట్లాడు కుటుంబములు గలవు. అందుచేత అక్కడి పిల్లవానికి ముద్దుగా పిలుచుటకును రెండు భాషలు, తిట్టుటకును రెండు భాషలు.

ఒక దృశ్యమును చదువరులు ఊహింతురు గాక. బస్సు మెట్టు దగ్గర పదవ తరగతి బాలురు నలుగురు నిలుచున్నారు. ఎదుటి సీటులో తొమ్మిదవ తరగతి బాలిక. మొదటివాడు ఆమె శరీరమును గూర్చి ఒక మాట తెలుగులో అనెను. పక్క సీటులోని తమిళ పంతులమ్మకు అర్థము కాదను ధైర్యము వానిది. రెండవవాడు, ‘ఇంకొకటి చెప్పరా’ అనెను. మూడవవాడు నవ్వెను. నాలుగవవాడు నవ్వలేదు, కిటికీ వైపు తల త్రిప్పుకొనెను. బాలిక పుస్తకముల సంచిని ఎదకు అదుముకొని తల వంచుకొనెను. సాయంకాలము ఇంటికి వచ్చి ఏమియు చెప్పలేదు. చెప్పినచో ఏమగునో ఆమెకు బాగుగా తెలియును.

వీరిలో హింస చేసినవాడెవడు?

లోకము మొదటివానిని మాత్రమే చూపును. పోలీసువారును, హెడ్మాస్టరును అంతే. జైన ధర్మము మాత్రము ఈ లెక్కను ఏనాడో వేరుగా వ్రాసినది. చేయుట, చేయించుట, చేయువానిని మెచ్చుట — కృతము, కారితము, అనుమోదితము — ఈ మూడును, మనస్సు, మాట, శరీరము అను మూడింటితో హెచ్చవేసిన తొమ్మిది. బస్సు మెట్టు దగ్గర ఆ శాస్త్రము వరుసగా నిలుచున్నది. ఒకడు చేసినాడు, ఒకడు చేయించినాడు, ఒకడు అనుమోదించినాడు. నవ్వు ఖర్చులేని వస్తువని ఆ మూడవవాని నమ్మకము. పద్దులో మాత్రము అతని పేరును ఉన్నది. నాలుగవవాని సంగతి తరువాత చూడవచ్చును.

పిలిచి అడిగినచో ఆ బాలురు ఏమందురు? ‘ఊరకే అన్నామండీ, ఆటకు.’ వారి తండ్రులును ఆ మాటయే అందురు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రములో హింసను నిర్వచించునపుడు ప్రమాదమును, అనగా ఏమరుపాటును, దానికి మూలముగా చెప్పెను. ఎదుటి ప్రాణి బాధ తన దృష్టికి రాకపోవుటయే ఆ ఏమరుపాటు. కనుక ‘ఆటకు అన్నాము’ అనుట నేరమునుండి తప్పించు సాక్ష్యము కాదు. నేరము ఎక్కడ పుట్టినదో తెలుపు సాక్ష్యము.

ఇంత చిన్న మాటకు ఇంత పెద్ద శాస్త్రమా అని కొందరికి తోచవచ్చును. సాయంకాలము రొక్కములో పది రూపాయలు తగ్గినచో గుమాస్తాను ఎవరును జైలుకు పంపరు. కాని పది రూపాయలే గదా అని చిట్టా మూసివేసిన వర్తకుడును ఎవడును లేడు. 2024 జులైలో నంద్యాల జిల్లా ముచ్చుమర్రిలో మూడవ తరగతి చదువు పసిపిల్ల మాయమైనది. ఆమెను చెరచి చంపిరని పోలీసులు అదుపులోనికి తీసికొన్నవారు ముగ్గురు బాలురు. వారి వయస్సు పండ్రెండు, పదమూడేండ్లు. 2022 మేలో హైదరాబాదు జూబిలీ హిల్స్‌లో ఒక బాలికపై జరిగిన అత్యాచారములో నిందితులు ఆరుగురు. వారిలో ఐదుగురికి పదునెనిమిదేండ్లు నిండలేదు. కలిగిన ఇండ్ల పిల్లలు, కారులలో తిరుగువారు. బీదతనమే ఇట్టి పనులకు కారణమను వాదమునకు అక్కడ చోటు లేదు. 1998లో చెన్నైలో ఆకతాయిల వేధింపునకు ఒక కాలేజీ విద్యార్థిని బలియైన పిమ్మటనే తమిళనాడులో ఈవ్ టీజింగ్‌ను నిషేధించు చట్టము వచ్చినది. ఆడపిల్లను ఏడిపించుటకు ఇంగ్లీషున అంత ముద్దు పేరు పెట్టుటయే ఒక రోగలక్షణము.

నవ్విన ప్రతి బాలుడును రేపు ఘాతకుడగునని దీని భావము కాదు. అట్లు భయపెట్టుట అసత్యము. పెక్కురు పెరిగి, పెండ్లి చేసికొని, అంగడిలో కూర్చుండి, తాము బస్సులో అన్న మాటను మరచిపోవుదురు. మరువనిది ఆ బాలిక. ఆమె బాధకు పెద్ద నేరము జరుగవలెనను నియమము లేదు.

2008 డిసెంబరులో వరంగల్లులో ఇంజనీరింగు చదువుచున్న ఇద్దరు బాలికలపై ఆసిడ్ పోసిరి, ఒకామె మరణించినది. నిందితులైన ముగ్గురు యువకులు కొద్ది దినములకే పోలీసు కాల్పులలో చచ్చిరి. జనులు హర్షించిరి. చీమను తొక్కుటకు శంకించు ఇండ్లలోను ఆనాడు హర్షించినవారు లేకపోలేదు; అనుమోదనము అను మాట అప్పుడు ఎవరికిని గుర్తు రాలేదు. కాల్పులతో ఆ ముగ్గురి కథ ముగిసెను. అట్టి ముగ్గురు తయారగుటకు ముందు బడిలోను ఇంటిలోను ఏమి చేయవలసి యుండెనను ప్రశ్న మాత్రము విచారణకే రాలేదు.

ఈ విషయమున జైనులకు పుస్తకములకై దూరము పోనక్కరలేదు. ఉత్తరాధ్యయన సూత్రము ఇరువదిరెండవ అధ్యయనములో రాజీమతి కథ గలదు. ఆమెను వివాహమాడ వచ్చిన నేమినాథుడు, విందుకై కట్టివేసిన పశువుల ఆర్తనాదము విని, మరలిపోయి విరాగియైన సంగతి ప్రతి జైన బాలుడును ఎరుగును. కథలోని రెండవ భాగము అంతగా చెప్పరు. రాజీమతియు దీక్ష గైకొన్నది. ఒకనాడు రైవతకగిరి మీద వాన కురిసెను. ఆమె తడిసి, ఒక గుహలో చేరి, చీర విప్పి ఆరవేసికొనుచుండెను. నేమినాథుని తమ్ముడు రథనేమి, అతడును మునియే, ఆ చీకటిలో ఉండెను. ఆమెను చూచి మనస్సు చెదరి, కామముతో మాట్లాడెను. ఆమె భయపడెను, చేతులతో శరీరము కప్పుకొనెను; అయినను ధైర్యము కూడగట్టుకొని అతనిని గట్టిగా మందలించెను. కక్కిన దానిని తినగోరుదువా, నీ కులమేమి, నీ వ్రతమేమి అని అడిగెను. అంకుశము తగిలిన ఏనుగువలె అతడు దారికి వచ్చెను.

ఈ కథలో లేని సంగతులను గమనింపవలెను. ఆమె ఒంటరిగా కొండకు ఏల పోయినదని ఎవరును అడుగలేదు. తడిబట్టలు గుహలో ఏల విప్పినదని అడుగలేదు. ఇక మీదట స్త్రీలు రైవతకమునకు పోరాదని సంఘము తీర్మానింపలేదు. తప్పు ఎవనిదో గ్రంథకర్తకు క్షణమైనను సందేహము లేదు. మరి ఈనాడు బస్సులోని బాలిక ఇంటికి వచ్చి చెప్పినచో మొదటి ప్రశ్న ఏది? ‘ఆ బస్సే ఏల ఎక్కినావు?’ రెండవది, ‘నీవు వారి వైపు చూచితివా?’ మూడవది ప్రశ్న కాదు, తీర్పు: ‘చదివినది చాలును.’ ఆమె మౌనమునకు మూలము సిగ్గు ఒక్కటియే కాదు. నోరు విప్పినచో బడి పోవునను లెక్క ఆమెకు వచ్చును. వర్తకుల బిడ్డ గదా.

నవ్వినవాడు మరునాడు బడికి పోవును. నవ్వించుకొన్నది ఇంట కూర్చుండును. ఏ అంగడిలోనైనను, సరకు దొంగిలించినవానిని విడిచి, పోగొట్టుకొన్నవాని వద్ద జరిమానా వసూలు చేసినచో ఆ బజారులో ఎవడైనను వ్యాపారము చేయునా? ఋషభదేవుడు తన కుమార్తెలైన బ్రాహ్మికి లిపిని, సుందరికి గణితమును నేర్పెనని పురాణము. మంసాపురమునకు దక్షిణముగా కళుగుమలై కొండరాతి మీద, వెయ్యేండ్లకు పూర్వము చెక్కిన తీర్థంకర ప్రతిమల క్రింద శాసనములు గలవు. వానిలో కురత్తియార్లు, అనగా స్త్రీ గురువులు, పేర్కొనబడిరి. చదువు చెప్పు స్త్రీల పేర్లు రాతిమీద నిలిచిన సీమలో, నలుగురు ఆకతాయిలకు జంకి ఆడపిల్ల పలక లాగికొనుట ఏ ధర్మమో చెప్పవలసినవారు పెద్దలే.

ఇక అన్నింటికంటె చిక్కు ప్రశ్న క్షమను గూర్చినది. ఒక వేళ ఆ బాలిక ధైర్యము చేసి హెడ్మాస్టరుకు చెప్పినదనుకొందురు గాక. ఆ బాలుడు బడికి చందా ఇచ్చిన సేఠ్ కుమారుడు. బాలిక తండ్రి ఆ సేఠ్ వద్ద అరువు సరకు తెచ్చుకొను చిల్లర వర్తకుడు. పర్యూషణము సమీపించినది. సంఘ పెద్ద ఒకరు ఇంటికి వచ్చి మెత్తగా చెప్పును: ‘పిల్లవాడు తెలియక అన్నాడండీ. సంవత్సరికి అందరము మిచ్ఛామి దుక్కడం చెప్పుకొనువారమే గదా. పట్టుదల మంచిది కాదు, క్షమించి వేయండి.’ తండ్రి తల ఊపును. బాలికను ఎవరును అడుగరు.

ఇది క్షమాపనయా? క్షమ కోరవలసినవాడు తప్పు చేసినవాడు. ఇక్కడ కోరినవాడు మధ్యవర్తి. క్షమింపవలసినది బాలిక, క్షమించినది తండ్రి, అదియు అరువు ఖాతా తలచుకొని. బాకీ ఒకరిది, చెల్లు వ్రాసినది మరియొకరు. మిచ్ఛామి దుక్కడం అనగా నా దుష్కృతము మిథ్య యగుగాక యని. ఆ మాట చేసినవాని నోట పుట్టవలెను. దానికి ముందు ఆలోచన యను మెట్టు గలదు. గురువు ఎదుట దాచక, తగ్గింపక, తన తప్పు తానే చెప్పుకొనుట. అది లేక క్షమ మాత్రము అడుగుట, ఖాతా చూపకయే బాకీ రద్దు చేయుమనుట. నిజముగా క్షమించు స్వాతంత్ర్యము ఆ బాలికకు ఉన్నది. ఆమె క్షమింపవచ్చును, దానివలన ఆమె కర్మభారము తగ్గవచ్చును. కాని క్షమించినను ఫిర్యాదు నిలువవచ్చును. క్షమ ఆమె మనస్సుకు సంబంధించినది. ఫిర్యాదు రేపు అదే బస్సు ఎక్కబోవు మరియొక బాలికకు సంబంధించినది.

దేశపు చట్టమును ఈ దారినే నడచినది. 2012లో వచ్చిన పోక్సో చట్టము ప్రకారము పదునెనిమిదేండ్ల లోపు బిడ్డపై జరిగిన లైంగిక నేరము తెలిసినవాడు పోలీసులకు తెలుపవలెను. తెలుపనివానికి ఆరు నెలల వరకు, సంస్థ అధికారి తన క్రింది ఉద్యోగి నేరమును దాచినచో ఏడాది వరకు శిక్ష గలదు. శరీరమును తాకనక్కరలేదు, కామముతో అన్న మాట, చేసిన సైగ, పదే పదే వెంటబడుట కూడ ఆ చట్టములోనివే. బిడ్డ పేరు, ఊరు బయటపెట్టరాదు. కనుక బడి కమిటీలోని పెద్దమనిషి ‘గుట్టుగా సర్దుదము’ అనునపుడు ఆయన ధర్మమునే గాక చట్టమునును అతిక్రమించు ప్రమాదము గలదు. ఇందులో ఒక జాగ్రత్తయు అవసరము. పదునేడేండ్ల బాలుడు, బాలిక పరస్పరము ఇష్టపడుట వేరు, ఇష్టము లేనిదానిని వేధించుట వేరు. కులము కాని ప్రేమను విడదీయుటకు పోక్సోను ఆయుధము చేసికొనుట సత్యవ్రతమునకే భంగము.

మరి ఆ బాలుని ఏమి చేయవలెను? బడినుండి వెళ్లగొట్టుట సులభము. వెళ్లగొట్టబడినవాడు మరియొక బడికి పోవును. వానితోబాటు వాని నోరును పోవును. సాధువుల తప్పులకు తత్త్వార్థసూత్రము తొమ్మిది ప్రాయశ్చిత్తములను చెప్పినది. ఆలోచన, ప్రతిక్రమణము మొదలుకొని తపస్సు వరకు, అక్కడనుండి దీక్షాకాలమును తగ్గించు ఛేదము, కొంతకాలము సంఘమునుండి వెలిగా నుంచు పరిహారము, తుదకు మరల వ్రతమిచ్చి చేర్చుకొను ఉపస్థాపనము. తప్పుకు తగిన మెట్టు, ప్రతి మెట్టుకును హద్దు, చివర తలుపు తెరచియే యుండుట — ఇంతకంటె మంచి క్రమశిక్షణ నిబంధన ఏ బడివారు వ్రాయగలరు? తమిళుల శిలప్పదికారములో జైన సన్యాసిని కవుంది అడిగళ్, కోవలునితోను కన్నగితోను మదురకు నడచుచుండగా, దారిలో ఇద్దరు ఆ దంపతులను చూచి వెకిలి మాటలాడిరి. కవుంది వారిని నక్కలు కండని శపించెను. దంపతులు జాలిపడి వేడగా, శాపమునకు పండ్రెండు నెలల గడువు పెట్టెను. వెకిలి మాటను ఆమె చిన్నదిగా తీసివేయలేదు. శిక్షను అంతులేనిదిగాను చేయలేదు. జాలి చూపుమని కోరినవారు మాట పడినవారే, దారినపోయిన పెద్దమనుష్యులు కారు.

బాలుర విషయములో మరువరాని సంగతి ఇంకొకటి. 2007లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన అధ్యయనములో, ఆంధ్రప్రదేశ్‌తో సహా పదమూడు రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను అడిగిరి. ఏదో యొక విధమైన లైంగిక వేధింపునకు గురియైతిమని చెప్పినవారు నూటికి 53 మంది. వారిలో సగముకంటె కొంచెము ఎక్కువగా బాలురే. బాధించు బాలుడు తానును ఎక్కడనో బాధింపబడి యుండవచ్చును. అది వాని తప్పును మాపదు. కాని వానిని పిలిచి అడుగు పెద్దవాడు ఒకడైనను ఉండవలెనని చెప్పును.

బడిలో ఈ సంగతులు మాట్లాడరాదని, పిల్లలు చెడుదురని, బ్రహ్మచర్యమునకు భంగమని పలువురు పెద్దల అభిప్రాయము. 2007లో కౌమార విద్యను పలు రాష్ట్రములు ఈ కారణము చెప్పియే నిలిపివేసెను. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు; దాని వెనుక నిజమైన భయము గలదు. అయితే ప్రతిక్రమణములో శ్రావకులు చదువు వందిత్తు సూత్రములో నాలుగవ అణువ్రతపు అతిచారములను వరుసగా పేర్కొందురు. తాత, కొడుకు, మనుమడు ఒకే చోట కూర్చుండి చదువుదురు. అందువలన ఎవరును చెడిపోలేదు. తప్పుకు పేరు పెట్టుట అశ్లీలము కాదను సంగతి ఉపాశ్రయములో ఒప్పుకొని బడిలో ఒప్పుకొనకపోవుట వింత. పైగా బాలునికి గురువు లేడనుకొనుట పొరపాటు. వాని చేతిలోని సెల్‌ఫోను రాత్రి పదునొకండు గంటలకు పాఠము చెప్పుచునే యున్నది. పిల్లల అశ్లీల చిత్రములను ఫోనులో దాచి యుంచుకొనుటయు నేరము కాగలదని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పెను. ఆ వ్యాజ్యము తమిళనాడునుండి పోయినదే.

ఇంగ్లండులో 2021లో పాఠశాలల తనిఖీ అధికారులు 32 బడులు, కళాశాలలు చూచి, 900 మందికి పైగా పిల్లలతో మాట్లాడిరి. ఇట్టి వేధింపులు అంత సాధారణమని బాలికలు చెప్పిరి, చెప్పినను ఫలము లేదని ఊరకున్నామనిరి. ఫిర్యాదు రాకపోయినను మా బడిలో జరుగుచున్నదనియే తలచి పనిచేయుడని అధికారులు సలహా ఇచ్చిరి. వర్తకులకు ఇది క్రొత్త కాదు. ఎలుక కనబడలేదని గోదాములో ఎలుకలు లేవనుకొను ధాన్యపు వ్యాపారి ఉండడు.

హర్యానాలో మరింత దగ్గరి ప్రయత్నము జరిగినది. బ్రేక్‌త్రూ అను సంస్థ కొన్ని ప్రభుత్వ పాఠశాలలలో ఏడవ తరగతి మొదలుకొని రెండున్నర ఏండ్లు, స్త్రీ పురుషుల సమానత్వమును గూర్చి పిల్లలచేత చర్చలు చేయించినది. తరుణ్ జైన్, సీమా జయచంద్రన్, దీవా ధర్ అను ముగ్గురు ఆర్థికవేత్తలు 314 బడులలో సుమారు 14,000 మంది పిల్లలను పరిశీలించి, చర్చలు జరిగిన బడులతో జరుగని బడులను పోల్చి 2022లో ఫలితము ప్రకటించిరి. వెనుకబడిన అభిప్రాయములలో నూటికి 16 మారినవి. బాలురు ఇంటిపని ఎక్కువ చేయుచున్నామనిరి. రెండేండ్ల తరువాతను ఆ మార్పు నిలిచినది. నూటికి పదునారు! వడ్డీగా చూచినచో మంచిదే. పాపపు లెక్కగా చూచినచో ఎనుబదినాలుగు మిగిలినవి. మిగిలినది బడికి సాధ్యము కాదేమో. అది ఇంటిది.

సెలవు దినములలో కుమారుని గద్దె మీద కూర్చుండబెట్టుట వర్తక కుటుంబములలో వాడుక. తూకము నేర్చును, మాట నేర్చును. చీరలు బేరమాడి కొనక వెళ్లిన స్త్రీని గూర్చి, ఆమె గడప దాటగనే తండ్రియు గుమాస్తాయు అనుకొను మాటయు నేర్చును. ఇంట కోడలి వంటను గూర్చిన పరిహాసమునకు పెద్దలందరు నవ్వునపుడు ఆ నవ్వునును నేర్చును. బస్సులోని మూడవవానికి చదువు చెప్పినది అక్కడనే.

ఇక కిటికీ వైపు తల త్రిప్పుకొన్న నాలుగవవాడు. వాడు చేయలేదు, చేయింపలేదు, మెచ్చలేదు. తొమ్మిది విధములలో వాని పేరు ఎక్కడను చేరదు. బడివారు ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది వాని మీదనే. ఎందుకనగా వాడు సిగ్గుపడినాడు, ఏమి చేయవలెనో తెలియక ఊరకున్నాడు. మొదటివానితో తగవులాడుమని వానికి చెప్పనక్కరలేదు. పదునైదేండ్లవానికి అది భారము. నవ్వకుండుట వాడు ముందే నేర్చినాడు. దిగిన తరువాత ఆ బాలికను ‘నేనును విన్నాను, కావలసిన నేను సాక్ష్యము చెప్పుదును’ అని అనుట నేర్పవచ్చును. హెడ్మాస్టరు గది తలుపు వానికై తెరచియుండవలెను. వాడు చెప్పినది వాని స్నేహితుల చెవిన పడకుండవలెను. తమిళనాడులో విద్యార్థుల సహాయమునకు 14417, పిల్లల రక్షణకు 1098 అను ఫోను నంబరులు గలవు. నోటు పుస్తకముల అట్టల మీద అంగడి పేరు అచ్చువేసి సంఘములు పంచుచుండును. ఆ పేరు క్రింద ఈ రెండు నంబరులకు చోటు చాలును.